మూడో అంతస్తు

ప్రతి మంగళవారం
ఈ ఇత్తడి పెట్టెను తోముతాను,
నిమ్మచెక్కతో, ఉప్పుతో.
విల్లెమ్‌స్టాడ్ గాలికే ఉప్పు ఎక్కువ,
వారం తిరిగేసరికి చిలుము పట్టేస్తుంది.

ఉన్నది ఒక్కటే పెట్టె.
దాని మీద ముప్పై ఎనిమిది కంపెనీల పేర్లు,
చీటీ మీద చీటీ.
ఉత్తరాలు రావు. వస్తే
తీసుకునేవాణ్ని నాలుగేళ్లలో చూడలేదు.
నా దగ్గరున్నవి మెట్లగది తాళంచెవి, మరుగుదొడ్డి తాళంచెవి.

ఆ రోజు ఓడ వస్తోందని
తేలే వంతెన పక్కకు తొలిగింది.
అవతలి గట్టున ఆగిన జనంలోంచి
అరగంట తరవాత ఒకాయన వచ్చాడు,
చెవులు ఎండకు కమిలి,
చేతిలో నాలుగు మడతల కాగితం.
"మూడో అంతస్తు ఎటు?"

అయ్యా, ఇది రెండంతస్తుల ఇల్లు.
పైనున్నది నీళ్ల ట్యాంకు,
దాని నీడలో ఒక పచ్చ ఉడుము.
చూపించమన్నాడు. ఎక్కించాను.
ట్యాంకు చుట్టూ తిరిగొచ్చాడు,
తలుపు ఎటువైపో ఉండి తీరాలన్నట్టు.

పేరు తౌనో. ఊరు ఫిన్లాండ్‌లో, సముద్రం గడ్డకట్టే చోట.
ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల తనిఖీదారు.
చేపల సంతలో
తక్కెడ అడుగున అయస్కాంతం అంటించినవాణ్ని
తక్కెడ ముట్టుకోకుండానే పట్టేశాడట.
ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం కాస్త నవ్వాడు.

గెలిచాడట కూడా. అదే ఆయన బాధ.
తీసుకోబోతే పాస్‌పోర్టు అడిగారు, పంపాడు.
కరెంటు బిల్లు అడిగారు, పంపాడు.
బిల్లు పట్టుకుని నిలబడిన ఫొటో అడిగారు.
ఆ తరవాత
అడగడం కూడా మానేశారు.
ఎంత పోయిందో చెప్పలేదు,
పడవ అమ్మిన డబ్బని మాత్రం అన్నాడు.

ఫోన్ తీశాడు.
"చూడమ్మా, ముద్ర ఉంది. తాళం బొమ్మ ఉంది.
లైసెన్స్ నంబరుంది. అన్నీ చూశాకే వేశాను."
నొక్కారా? అన్నాను.
దేన్ని?
ముద్రని.
నొక్కాడు. పేజీ కదల్లేదు.
కాలింగ్ బెల్ మీద పెట్టినట్టు
వేలు అక్కడే ఉంచాడు చాలాసేపు.
అది ముద్ర కాదు, ముద్ర ఫొటో.

వీళ్ల కాఫీ కప్పులు కడుగుతూ
విన్న నాలుగు ముక్కలే నాకు తెలుసు.
తాళం బొమ్మ పూచీ దారి వరకే,
నడుమ ఎవరూ చెవి పెట్టరని.
లోపల కూర్చున్నది ఎవరో అది చెప్పదు.
దొంగ ఇంటికీ గడియ ఉంటుంది.

నంబరు మాత్రం నిజమైనదే.
లైసెన్సులిచ్చే ఆఫీసు జాబితాలో ఇద్దరం వెతికాం
మెట్ల మీద కూర్చుని,
ఆయన ఫోనుకు నా నిమ్మకాయ వాసన అంటించి.
దొరికింది. వేరే ఎవరిదో.
పేరులో ఒక్క అక్షరం తేడా.
పక్కనే 'రద్దు' అని, రెండేళ్ల కిందటి తేదీ.

"సంతలో నేనెప్పుడూ ముద్రని నమ్మలేదు,"
అన్నాడు చివరికి.
"నా రాయి తీసి పళ్లెంలో వేసేవాణ్ని."

ఆ రాయి ఇంకా జేబులోనే ఉంది.
యాభై గ్రాములు, ఇత్తడిది, నడుము సన్నం.
నా పెట్టె కంటే బాగా మెరుస్తోంది, సిగ్గేసింది.
వెళ్తూ వెళ్తూ దాన్ని
ఉత్తరాల సందులోంచి వదిలేశాడు.
ఖంగుమంది.
అంత ఖాళీ.

నిన్న ముప్పై తొమ్మిదో చీటీ అంటించారు.
బంక ఇంకా ఆరలేదు.
అక్క కొడుకు జుర్మైన్ నన్ను తీసుకెళ్లడానికొచ్చి
గోడకానుకుని ఫోన్‌లో ఏదో తిప్పుతున్నాడు,
రంగురంగుల చక్రం.
ఒరే, ముద్ర నొక్కి చూశావా?
జాబితాలో పేరు అక్షరం అక్షరం చూశావా?
పోనీ పది గిల్డర్లు వేసి, ఆడకముందే
ఆ పదీ వెనక్కి రప్పించు చూద్దాం.

నవ్వాడు వెధవ.
గాలికి వీధి తలుపు దడాలున పడింది.
పెట్టెలో రాయి
ఆ మూల నుంచి ఈ మూలకు దొర్లింది.